మూడు రోజుల రిపబ్లిక్: ఫ్రాన్సెస్క్ మసియా జీవితం (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పని దినం సాయంత్రమైనా ఇంతమంది వచ్చారు, సంతోషం.

స్పెయిన్‌కు ఈశాన్య మూలన ఉన్న కాటలోనియా ప్రాంతం అనగానే మనలో చాలామందికి బార్సిలోనా ఫుట్‌బాల్ జట్టు గుర్తొస్తుంది. వార్తలు చదివేవాళ్లకు 2017లో రెఫరెండం పెట్టి, స్వాతంత్ర్యం ప్రకటించి, ఆ తర్వాత బెల్జియం వెళ్లిపోయిన కార్లెస్ పుజ్‌డెమాన్ గుర్తొస్తాడు. అక్కడి లెక్క ప్రకారం పుజ్‌డెమాన్ కాటలోనియాకు 130వ అధ్యక్షుడు. మధ్యయుగాల్లో పుట్టిన జెనరలిటాట్ అనే పాలన సంస్థ నుంచి వరస కలుపుకుంటూ వస్తారు వాళ్లు. ఆ వరసలో 121కీ 122కీ మధ్య రెండు శతాబ్దాలకు పైగా ఖాళీ ఉంది. ఆ ఖాళీని దాటి వచ్చిన 122వ అధ్యక్షుడే ఈవేళ నేను మాట్లాడబోయే మనిషి. పేరు ఫ్రాన్సెస్క్ మసియా.

ముందుగా ఆ ఖాళీ ఎలా వచ్చిందో రెండు మాటల్లో చెప్పేస్తాను. 1714 సెప్టెంబరు 11న, ఏడాదికి పైగా సాగిన ముట్టడి తర్వాత బార్సిలోనా స్పెయిన్‌ను ఏలిన బూర్బన్ వంశపు రాజు సైన్యాలకు లొంగిపోయింది. 1716లో రాజు ఒక శాసనంతో కాటలోనియా సొంత చట్టాలనూ సంస్థలనూ రద్దు చేశాడు. జెనరలిటాట్ పోయింది. కాటలన్ భాష ఇళ్లలో, పొలాల్లో, చర్చిల్లో బతికింది. పందొమ్మిదో శతాబ్దంలో నూలు మిల్లులు వచ్చి, చేతిలో డబ్బు ఆడి, కవులూ పత్రికలూ పుట్టుకొచ్చాక ఆ జ్ఞాపకం మళ్లీ రాజకీయంగా లేచింది.

మసియా ఈ నేపథ్యంలో పుట్టాడుగానీ, ఆ ఉద్యమంలో పెరగలేదు. నన్ను ఆయన దగ్గరికి లాగింది ఈ సంగతే. 1859లో, బార్సిలోనాకు నైరుతిన సముద్రపు ఒడ్డున ఉన్న విలనోవా అనే పట్నంలో పుట్టాడు. వాళ్ల కుటుంబం వేళ్లు మాత్రం లోపలి ప్రాంతమైన లేయిదాలో, ఆలివ్ తోటల మధ్య ఉండే లెస్ బోర్జెస్ బ్లాంకెస్ అనే ఊళ్లో ఉన్నాయి. తండ్రిది ఆలివ్ నూనె వ్యాపారం. కుర్రాడు పదహారేళ్ల ప్రాయంలో మిలటరీ ఇంజినీర్ల అకాడమీలో చేరాడు. ఆ తర్వాత మూడు దశాబ్దాలు స్పెయిన్ రాజు జీతం తిన్న సైనికాధికారి ఆయన. లెఫ్టినెంట్ కల్నల్ దాకా ఎదిగాడు. లేయిదాలో భూస్వాముల ఇంటి అమ్మాయి ఆగ్నెస్ లమార్కాను పెళ్లి చేసుకున్నాడు. ముగ్గురు పిల్లలు. అన్నీ కుదురుగా ఉన్న జీవితం.

ఇంజినీరుగా ఆయన చేసిన ఒక పని చెప్పాలి. ఫ్రాన్సులో మోనియే అనే తోటమాలి ఉండేవాడు. సిమెంటు పూలకుండీలు పగిలిపోతుంటే లోపల ఇనప తీగల వల పెట్టి పోత పోశాడు, 1867లో పేటెంటు తీసుకున్నాడు. మనం ఇవాళ ఆర్‌సీసీ అనేదాని మొదలు అదే. ఆ పద్ధతిని స్పెయిన్‌లోకి తెచ్చినవాళ్లలో మసియా ముందువరసవాడు. 1893లో లేయిదా పక్కన పుజ్‌వెర్ద్ అనే చిన్న ఊళ్లో నీళ్ల తొట్టి ఒకటి కట్టించాడు. స్పెయిన్‌లో ఇనుము కలిపిన కాంక్రీటుతో లేచిన మొట్టమొదటి కట్టడంగా ఇంజినీరింగ్ చరిత్రకారులు దాన్నే చూపిస్తారు. ఊరి జనానికి నీళ్లు నిలవడమే కావాలి. అందుకు కొత్త పద్ధతి పనికొస్తుందంటే నేర్చుకుని కట్టాడు. రాజకీయాల్లోకి వచ్చాక కూడా ఈ మనిషి తీరు ఇదేనని నా అభిప్రాయం.

ఇక 1905. స్పెయిన్ సైన్యం అప్పటికి గాయపడి ఉంది. 1898లో అమెరికా చేతిలో ఓడిపోయి క్యూబా, ప్వెర్టో రికో, ఫిలిప్పీన్స్ పోగొట్టుకుంది. బార్సిలోనాలో కుకుత్ అని ఒక హాస్య వారపత్రిక వచ్చేది. మునిసిపల్ ఎన్నికల్లో గెలిచిన కాటలన్ పార్టీవాళ్లు విజయోత్సవ విందు చేసుకుంటే ఆ పత్రికలో ఒక కార్టూన్ పడింది. ఒక సైనికాధికారి, పక్కనే ఒక మామూలు పౌరుడు. ఇక్కడేంటి ఇంత జనం అని అధికారి అడుగుతాడు. విజయ విందండీ అంటాడు పౌరుడు. విజయమా, అయితే వీళ్లు పౌరులే అయ్యుంటారు అంటాడు అధికారి. అంతే. నవంబరు 25 రాత్రి బార్సిలోనా దండులోని ఆఫీసర్లు గుంపుగా వెళ్లి ఆ పత్రిక ఆఫీసునూ ప్రెస్సునూ ధ్వంసం చేశారు. సామాన్లు వీధిలో వేసి తగలబెట్టారు. అక్కడినుంచి ఒక కాటలన్ దినపత్రిక మీదికి కూడా వెళ్లారు.

ప్రభుత్వం ఆ ఆఫీసర్లను ఏమీ అనలేదు. పైగా మరుసటి ఏడాది ఒక చట్టం తెచ్చింది. సైన్యం మీద, దేశం మీద, జెండా మీద నోరు జారితే పౌరులనైనా మిలటరీ కోర్టులే విచారిస్తాయి అని. కొట్టినవాడి చేతికే తీర్పు చెప్పే అధికారం ఇచ్చారు! సైన్యంలో ఉంటూనే ఇది తప్పని మసియా బాహాటంగా అన్నాడు. వెంటనే బదిలీ వచ్చింది. ఎక్కడో ఉత్తరాన అట్లాంటిక్ ఒడ్డునున్న సాంతోన్యాకు.

ఆ చట్టానికి ఎదురుగా కాటలోనియాలోని పార్టీలు చాలావరకు ఒక్కటయ్యాయి. సాంప్రదాయవాదులు, రాచరికం వద్దనే రిపబ్లికన్లు, పెట్టుబడిదారులు, ఒకరినొకరు చూసి ముఖం తిప్పుకునేవాళ్లంతా ఒకే జాబితాలోకి వచ్చారు. 1907 పార్లమెంటు ఎన్నికల్లో కాటలోనియాకు ఉన్న 44 స్థానాల్లో 41 గెలిచారు. బోర్జెస్ బ్లాంకెస్ నుంచి గెలిచినవాడు లెఫ్టినెంట్ కల్నల్ మసియా. సైన్యం వదిలి బయటికొచ్చేశాడు. అప్పటికి ఆయన వయసు యాభైకి దగ్గర. మొన్నటిదాకా తను వేసుకున్న యూనిఫామునే ఎదిరించడానికి ఆ వయసులో నిలబడ్డాడంటే, అందులో ఉన్న ధైర్యాన్ని తక్కువ అంచనా వేయకూడదు.

ఆ తర్వాతి పదిహేనేళ్ల పార్లమెంటు జీవితాన్ని తొందరగా దాటేస్తాను. మాడ్రిడ్ పార్లమెంటుకు మళ్లీ మళ్లీ గెలిచాడు, మాట్లాడాడు, విసిగిపోయాడు. మంచి వక్త ఏమీ కాదు. 1918లో యుద్ధం ముగిసి జాతుల స్వయంనిర్ణయం అనే మాట ప్రపంచమంతా మోగుతున్నప్పుడు, స్వయంపాలన చాలదు, స్వాతంత్ర్యం కావాలన్న వైపు తేల్చుకున్నాడు. ఆయన కళ్లన్నీ ఐర్లండ్ మీద. అక్కడ బ్రిటిష్ పాలన మీద లేచిన 1916 ఈస్టర్ తిరుగుబాటు ఆయన్ను బాగా కదిలించింది. ఆ రోజుల్లోనే డబ్లిన్‌లో లా చదువుతూ అదే ఐరిష్ గాలి పీల్చి, 1916లో దేశం వదలాల్సి వచ్చిన మన తెలుగు కుర్రాడు ఒకరున్నారు, వరాహగిరి వేంకటగిరి. తర్వాత భారత రాష్ట్రపతి అయ్యారు. ఐర్లండ్ నిప్పు ఎంతెంత దూరం పాకిందో చూడండి.

1922 జులైలో మసియా ఎస్తాత్ కతలా, అంటే కాటలన్ రాజ్యం, అనే సంస్థ పెట్టాడు. ఏడాది తిరిగేసరికి, 1923 సెప్టెంబరు 13న, బార్సిలోనాలోనే సైన్యాధిపతిగా ఉన్న ప్రీమో ద రివేరా అధికారం చేజిక్కించుకున్నాడు. రాజు ఆమోదించాడు. కాటలన్ జెండా ఎగరేయకూడదు, ప్రభుత్వ కార్యక్రమాల్లో కాటలన్ మాట్లాడకూడదు. 1914 నుంచి బడులూ లైబ్రరీలూ రోడ్లూ టెలిఫోన్లూ చూసుకుంటున్న ప్రాంతీయ సంస్థను 1925లో ఎత్తేశారు. మసియా సరిహద్దు దాటి ఫ్రాన్సు వెళ్లిపోయాడు. అరవై నాలుగేళ్లకు ప్రవాసం.

మనవలను ఆడించుకునే వయసులో ఆయన సైన్యం కూడగట్టడానికి బయల్దేరాడు. డబ్బు కోసం అప్పు పత్రాలు అచ్చేయించాడు. వాటికి పావ్ క్లారిస్ పేరు పెట్టాడు. 1641లో ఇంకోసారి కాటలన్ రిపబ్లిక్ ప్రకటించిన పెద్దమనిషి క్లారిస్. రిపబ్లిక్ వచ్చాక తీరుస్తామని పత్రం మీద హామీ. అమెరికా ఖండాల్లో స్థిరపడ్డ కాటలన్లు కొన్నారు. 1925లో మాస్కో కూడా వెళ్లాడు. కమ్యూనిస్ట్ ఇంటర్నేషనల్ నాయకులు జినోవియెవ్‌ను, బుఖారిన్‌ను కలిశాడు. మాస్కోలో స్థిరపడ్డ కాటలన్ విప్లవకారుడు ఆంద్రెయు నిన్ సాయం చేశాడు. భూస్వాముల అల్లుడు, దైవభక్తి ఉన్న క్యాథలిక్కు, బోల్షెవిక్కుల ముందు కూర్చుని సాయం అడగడం చిన్న సంగతి కాదు. చేతికి మాత్రం ఏమీ రాలేదు.

1926 నవంబరు. సరిహద్దుకు ఇవతల ఫ్రాన్సు వైపు పిరెనీస్ కొండల్లో ప్రాట్స్ ద మొల్యో అని ఊరుంది. అక్కడ ఒక విల్లా అద్దెకు తీసుకుని మకాం పెట్టాడు. కొండలు దాటి వెళ్లి ఓలోత్ పట్నాన్ని పట్టుకుని, రిపబ్లిక్ ప్రకటించి, అది విని దేశం లేస్తుందని చూడటం ప్రణాళిక. మనుషులు చాలా తక్కువ. వాళ్లతోపాటు ముసోలినీ నుంచి పారిపోయి వచ్చిన ఇటాలియన్ ఫాసిస్టు వ్యతిరేకులు కొందరు కలిశారు. వాళ్లకు నాయకుడుగా చలామణీ అయిన రిచ్చోత్తి గరిబాల్డి ఎవరనుకున్నారు? ఇటలీని ఏకం చేసిన ఆ మహానుభావుడు గరిబాల్డి స్వయానా మనవడు. తాత పేరు చెప్పుకుని తిరుగుతూ ముసోలినీ పోలీసులకు సమాచారం అమ్ముకుంటున్నాడు. కబురు రోమ్ నుంచి పారిస్ చేరింది. ఒక్క తూటా పేలకముందే ఫ్రెంచి పోలీసులు రైళ్లలో, స్టేషన్లలో, కొండదారుల్లో మనుషులను ఏరుకున్నారు. మసియాను ఆ విల్లాలోనే పట్టుకున్నారు.

సైనికంగా చూస్తే అంతకంటే ఘోరమైన ఓటమి ఉండదు. కానీ 1927 జనవరిలో పారిస్‌లో విచారణ జరిగింది. ఆన్రీ తొరేస్ అనే పేరుమోసిన లాయరు వాదించాడు. ముద్దాయిలు పద్దెనిమిది మంది, మధ్యలో తెల్ల జుట్టు, సన్నటి మీసం, నిటారుగా నిలబడ్డ ముసలి కల్నల్. ఇదంతా చేయించింది నేనే, బాధ్యత నాదే అన్నాడు. అప్పటిదాకా కాటలోనియా ఎక్కడుందో తెలియని యూరప్ పత్రికలు ఆ పేరును మొదటి పేజీల్లో వేశాయి. శిక్ష రెండు నెలలు, కొద్దిపాటి జరిమానా. జైల్లో గడిపిన రోజులతో అది సరిపోయింది. తర్వాత బెల్జియం పంపేశారు. అవును, అప్పుడూ బెల్జియమే.

అక్కడినుంచి దక్షిణ అమెరికా. కవి వెంతురా గసోల్‌ను వెంటబెట్టుకుని ఉరుగ్వే, అర్జెంటీనా, చిలీ తిరిగి 1928లో క్యూబా చేరాడు. హవానాలో ప్రవాస కాటలన్లు సభ పెట్టి కాబోయే రిపబ్లిక్‌కు ఒక తాత్కాలిక రాజ్యాంగం రాసుకున్నారు. ఇవాళ బార్సిలోనా బాల్కనీల మీద కనిపించే నక్షత్రం ఉన్న జెండా ఉంది చూశారూ, ఆ నక్షత్రం క్యూబా జెండా నుంచి స్ఫూర్తి పొందినదే.

నిజానికి ఇదంతా కలిపి చూస్తే ఏం సాధించాడు? మాస్కో నుంచి ఒట్టి చేతులు, ప్రాట్స్‌లో అరెస్టు, హవానాలో కాగితం. కానీ నియంతృత్వం కింద నోరు మూసుకుని ఉన్న కాటలోనియాలో ఇంటింటా ఒక సంగతి తెలిసిపోయింది. ఈ మనిషి తనకోసం ఏమీ చేసుకోలేదు, తన సొంత ఆస్తి కూడా ఇందులోకే పోసేశాడు, అడ్డం తిరిగితే పారిపోలేదు, బాధ్యత తన మీద వేసుకున్నాడు. జనం ఆయన్ను కాటలన్‌లో ‘అవి’ అని పిలవడం మొదలుపెట్టారు, తాత అన్నమాట. ఆ నమ్మకమే ఆయన కూడబెట్టిన ఒకే ఒక్క ఆస్తి. దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాడన్నదే నా ప్రసంగంలో అసలు విషయం.

1930లో ప్రీమో ద రివేరా దిగిపోయాడు. 1931 ఫిబ్రవరిలో మసియా ఇంటికి తిరిగొచ్చాడు. మార్చిలో బార్సిలోనాలోని సాంత్స్ పేటలో వామపక్ష రిపబ్లికన్ల సభ జరిగి ఎస్కెర్రా రిపుబ్లికానా అనే కొత్త పార్టీ పుట్టింది. నెల తిరగకుండా ఏప్రిల్ 12న మునిసిపల్ ఎన్నికలు. పెద్ద పార్టీలన్నింటినీ వెనక్కి నెట్టి బార్సిలోనాలో ఆ పసిపార్టీ గెలిచింది. స్పెయిన్‌లోని పెద్ద నగరాల్లోనూ రిపబ్లికన్లే గెలిచారు. రాజు కాళ్ల కింద నేల కదిలింది.

ఏప్రిల్ 14. మనకది అంబేద్కర్ జయంతి. కాటలన్లకు రిపబ్లిక్ రోజు. మధ్యాహ్నం లాయరు లుయీస్ కొంపాన్స్, ఆ పార్టీ నాయకుడే, బార్సిలోనా నగరపాలక భవనం బాల్కనీలోంచి రిపబ్లిక్ ప్రకటించాడు. కొద్దిసేపటికి మసియా అదే బాల్కనీలోకి వచ్చి కాటలన్ రాజ్యాన్ని ప్రకటించాడు. తర్వాత సాంత్ జావుమె కూడలి దాటి ఎదురుగా ఉన్న పాత జెనరలిటాట్ భవనంలోకి వెళ్లి, అక్కడి నుంచీ చెప్పాడు. ఐబీరియా, అంటే స్పెయిన్, పోర్చుగల్ ఉన్న ద్వీపకల్పం, ప్రజల సమాఖ్యలో భాగంగా ఉండే కాటలన్ రిపబ్లిక్ అని. ఇక్కడి నుంచి మమ్మల్ని కదపాలంటే శవాలుగానే కదపాలి అని కూడా అన్నాడు. మాడ్రిడ్‌లో రిపబ్లిక్ ప్రకటన వెలువడటానికి ఇంకా గంటల సమయం ఉంది. ఆ రాత్రికి రాజు దేశం వదిలి బయల్దేరాడు.

ఊహించుకోండి. డెబ్భై ఒక్క ఏళ్లు. సైన్యం, పదవి, ఆస్తి, ఇల్లు, దేశం అన్నీ వదులుకుని ఎనిమిదేళ్లుగా వెంటాడింది చేతికి వచ్చింది. కింద కూడలి నిండా జనం.

మూడు రోజులకు, ఏప్రిల్ 17న, మాడ్రిడ్ నుంచి విమానంలో ముగ్గురు మంత్రులు దిగారు. మార్సెలీ దొమింగో, నికొలావు ద ఒల్వెర్, ఫెర్నాందో ద లోస్ రియోస్. ముగ్గురిలో మొదటి ఇద్దరూ కాటలన్లే. కొత్త రిపబ్లిక్ ఇంకా కాళ్ల మీద నిలబడలేదు, ఇప్పుడే ముక్కలవుతోందని సైన్యానికి సాకు దొరికితే మొత్తం పోతుంది అన్నారు. 1930 ఆగస్టులో సాన్ సెబాస్టియన్‌లో రిపబ్లికన్లంతా కలిసి చేసుకున్న ఒప్పందం ముందు పెట్టారు. కాటలోనియా తన స్వయంపాలన చట్టం తనే రాసుకుంటుంది, కొత్త పార్లమెంటు దాన్ని ఆమోదిస్తుంది అని అందులో ఉంది. గంటల తరబడి మాట్లాడుకున్నారు. చివరకు మసియా ఒప్పుకున్నాడు. కాటలన్ రిపబ్లిక్ పేరు పోతుంది, జెనరలిటాట్ పేరు తిరిగొస్తుంది. 1716లో రాజు కొట్టేసిన పేరు.

దీన్ని లొంగుబాటు అన్నవాళ్లున్నారు. ఆయనతో ప్రాట్స్‌కు నడిచి వచ్చిన కుర్రాళ్లలోనే అన్నారు. ఇవాళ కూడా కొందరు స్వాతంత్ర్యవాదులు అంటారు. నేను ఆ మాటతో ఏకీభవించను. ఆ రోజు కాటలోనియాకు సైన్యం లేదు, ఖజానా లేదు, ఏ దేశమూ గుర్తించలేదు. మసియా చేతిలో ఉన్నది జనం నమ్మకం ఒక్కటే. వేరే ఎవరైనా ఆ సంతకం పెట్టుంటే కూడలిలోని జనం బతకనిచ్చేవాళ్లు కాదు. తాత పెట్టాడు కాబట్టి ఒప్పుకున్నారు. ఇరవై ఏళ్లుగా కూడబెట్టుకున్నదంతా ఆయన ఒకే రోజు, ఒకే పని మీద ఖర్చు పెట్టేశాడు. దానికి బదులుగా పునాది ఉన్న సంస్థ ఒకటి తెచ్చాడు. ఆయనకు బాధ కలగలేదని నేను అనడం లేదు. తన జీవితంలో ఎన్నో త్యాగాలు చేసినా ఇదే పెద్దదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

ఆ వేసవిలో పిరెనీస్‌లోని నూరియా అనే పుణ్యక్షేత్రంలో కూర్చుని చట్టం ముసాయిదా రాశారు. ఆగస్టు 2న జనాభిప్రాయ సేకరణ. ఓటర్లలో నాలుగింట మూడు వంతులు వచ్చారు, వచ్చినవాళ్లలో 99 శాతం అవునన్నారు. ఆడవాళ్లకు అప్పటికి ఓటు లేదు. వాళ్లు ఊరూరా బల్లలు వేయించి సంతకాలు చేశారు. నాలుగు లక్షలకు పైగా సంతకాలు! చరిత్ర పుస్తకాల్లో దీనికి ఒక వాక్యం కంటే ఎక్కువ దొరకదు, నాకది బాధ.

మాడ్రిడ్ పార్లమెంటులో ఆ ముసాయిదాను నెలల తరబడి చెక్కారు. 1932 ఆగస్టులో జనరల్ సన్‌హుర్హో తిరుగుబాటుకు ప్రయత్నించి విఫలమయ్యాకే రిపబ్లికన్లకు తొందర పుట్టింది. సెప్టెంబరులో ఆమోదించారు. పన్నులు, చదువులు, పోలీసు, అన్నింట్లోనూ నూరియాలో రాసుకున్నదానికంటే తగ్గింది. అయినా మసియా తీసుకున్నాడు. డిసెంబరులో కాటలన్ పార్లమెంటు కొలువుదీరింది.

పాలకుడుగా ఆయనకు దొరికిన కాలం చాలా తక్కువ. ప్రతి కాటలన్ కుటుంబానికీ ఒక చిన్న ఇల్లు, పక్కన చిన్న కూరగాయల దొడ్డి ఉండాలి అనేవాడు. బార్సిలోనా పాత పేటల్లో కూలీలు గాలీ వెలుతురూ లేని గదుల్లో ఉండేవాళ్లు. జోసెప్ లుయీస్ సెర్ట్ వంటి యువ వాస్తుశిల్పుల బృందం ప్రసిద్ధ వాస్తుశిల్పి లె కొర్బూజియేతో కలిసి నగరానికి కొత్త ప్రణాళిక గీసి, దానికి మసియా పేరే పెట్టింది. అది కాగితం మీదే మిగిలింది. కానీ సాంత్ ఆంద్రెయు పేటలో కార్మికుల కోసం కాసా బ్లోక్ అనే పెద్ద గృహ సముదాయానికి 1933లో ఆయన చేతులతో శంకుస్థాపన జరిగింది. ఆ భవనం ఇప్పటికీ ఉంది, మనుషులు కాపురముంటున్నారు.

తప్పులు లేవా అంటే ఉన్నాయి. ఆయన పార్టీ యువకులు ఒకే రంగు చొక్కాలతో 1933 అక్టోబరులో మోంట్‌జువిక్ స్టేడియంలో కవాతు చేస్తే ఆయన ఆపలేదు. యూరప్ అంతటా అలాంటి కవాతులు ఎటు దారితీస్తున్నాయో కనబడుతున్న రోజులవి. రాజ్యమే వద్దనే అనార్కిస్టు కార్మిక సంఘాలతో స్నేహంగా మొదలై ఘర్షణలో పడ్డాడు. నవంబరు ఎన్నికల్లో పార్టీ దెబ్బతింది.

డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, అపెండిసైటిస్‌తో పోయాడు. 74 ఏళ్లు. అంతిమయాత్రకు బార్సిలోనా అంతకుముందు ఎన్నడూ చూడనంత జనం వచ్చారు.

తర్వాతి కథ మీకు కొంత తెలుసు. ఆయన స్థానంలోకి వచ్చిన కొంపాన్స్ 1934 అక్టోబరులో తనూ కాటలన్ రాజ్యం ప్రకటించి జైలుకు వెళ్లాడు. అంతర్యుద్ధం వచ్చింది, రిపబ్లిక్ మీద తిరగబడ్డ జనరల్ ఫ్రాంకో గెలిచాడు. ఫ్రాన్సులో తలదాచుకున్న కొంపాన్స్‌ను జర్మన్లు పట్టి ఇస్తే 1940 అక్టోబరు 15న మోంట్‌జువిక్ కోటలో కాల్చి చంపారు. భాష మళ్లీ ఇళ్లలోకి వెళ్లిపోయింది. అయితే జెనరలిటాట్ ఈసారి చావలేదు. 1931లో మసియా ఒప్పందంతో పుట్టిన ఆ సంస్థను ప్రవాసంలో అధ్యక్షుడి తర్వాత అధ్యక్షుడు మోసుకుంటూ వచ్చారు. 1977 అక్టోబరులో, కొత్త రాజ్యాంగం ఇంకా రాయకముందే, జోసెప్ తర్రదేయాస్ ఫ్రాన్సు నుంచి తిరిగొచ్చి అదే కూడలిలో అదే భవనం బాల్కనీలో నిలబడ్డాడు. 1930లలో మసియా ప్రభుత్వంలో పనిచేసినవాడే తర్రదేయాస్. ఫ్రాంకో చట్టాలను దాటుకుని 1931 రిపబ్లిక్ కాలం నుంచి నేరుగా కొనసాగి వచ్చిన సంస్థ స్పెయిన్ మొత్తంలో దాదాపు అదొక్కటే.

2017 అక్టోబరు 27న పుజ్‌డెమాన్ కాలంలో కాటలన్ పార్లమెంటు స్వాతంత్ర్యం ప్రకటించినప్పుడు, అదే రోజు మాడ్రిడ్ రాజ్యాంగంలోని 155వ అధికరణం కింద కాటలన్ ప్రభుత్వాన్ని తొలగించింది. ఈసారి విమానంలో మంత్రులెవరూ రాలేదు, మాట్లాడుకోవడానికి ఏ ఒప్పందమూ బల్ల మీద లేదు. తప్పు ఒకవైపే ఉందని నేను చెప్పను. 1931లో రెండు వైపులా ఒకరి మాట ఒకరు నమ్మదగిన మనుషులున్నారు, 2017లో లేరు. మసియా తగ్గగలిగాడంటే తగ్గినందుకు చేతికి ఏదో ఇచ్చేవాళ్లు ఎదురుగా ఉన్నారు కాబట్టే. ఇది మాడ్రిడ్ వాళ్లు కూడా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

నేను చెప్పాల్సింది చెప్పాను. సాన్ సెబాస్టియన్ ఒప్పందం గురించి ఇందాక తొందరగా దాటేశాను, దాని మీద ఎవరైనా అడిగితే వివరంగా చెబుతాను. అడగండి.